ఒక్క ఈతైనా అవ్వాలట!

మొన్న శుక్రవారం సాయంత్రం మా వీధి చివరింటి అమ్మాయి గిన్నెలో పులిహోర పట్టుకుని వచ్చింది. పులిహోర ఒక వంక. అసలు పని వేరే ఉంది.

"అక్కా, మా స్వీటీ ఎదకొచ్చింది. మీకు తెలిసిన మగ ల్యాబ్ ఎక్కడైనా ఉంటే చెప్పండి. ఆపరేషన్ చేయించేద్దామనే ఉంది గానీ, ముందు దానికి ఒక్క ఈతైనా అవ్వాలట కదా. లేకపోతే ఒంటికి మంచిది కాదట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటారు కదక్కా!"

ఆ "అందరూ" ఎవరో నాకు బాగా తెలుసు. ఏడేళ్ళ క్రితం వాళ్ళే నాకూ చెప్పారు, నేనూ తలూపాను. అందుకని ఆ అమ్మాయికి కాఫీ ఇచ్చి గంటసేపు కూర్చోబెట్టాను. ఆ గంటలో చెప్పినదీ, చెప్పలేక మింగేసినదీ రెండూ ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఘాటుగానే ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఇంట్లో కుక్క లేనివాళ్ళు కూడా చదవండి. ఇందులో సగం కుక్కల సంగతి, సగం మన సంగతి.

మా జూలీ ల్యాబ్రడార్, కాస్త నాటు కలిసింది. పిల్లలు నెలరోజులు గోల పెడితే తెచ్చాం. నిజానికి మగపిల్లనే తెద్దామని వెళ్ళాం. అమ్మేవాడు "ఆడదైతే రెండు వేలు తగ్గించి ఇస్తా సార్" అన్నాడు. మా వారు ఆ రెండు వేలకి పడిపోయారు. ఎందుకు తగ్గించాడో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

దానికి తొమ్మిదో నెల నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే హాల్లో గచ్చు మీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. మా వాడు కాలు కోసుకున్నాడేమోనని వాడి పాదాలు రెండూ తిప్పి చూశాను. ఆ తర్వాత జూలీ తనని తాను నాక్కోవడం చూసి అర్థమైంది. మా అత్తయ్య "అయ్యో రాత, ఇది కూడా బయట చేరిందే!" అని దాన్ని పెరట్లో జామచెట్టుకి కట్టేయించారు. అన్నం గిన్నె దూరం నుంచి తోయడం, పూజగది వైపు రానివ్వకపోవడం, అన్నీ మామూలే. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. కిటికీ ఊచలు పట్టుకుని జూలీ వైపే చూస్తూ, "అమ్మా, నాక్కూడా ఇలాగే చేస్తారా?" అంది.

ఏం చెప్పాలో తోచక "వెళ్ళి చదువుకో" అని కసిరాను. ఆ కసురు ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

ఎనిమిది తొమ్మిది రోజులకి చుక్కలు తగ్గాయి. రంగు కూడా పలచబడింది. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాను. గొలుసు విప్పేసి పెరటి తలుపు తీసిపెట్టాను. నేను వేసింది నా ఒంటి లెక్క. మనకి రక్తం ఆగిందంటే అయిపోయినట్టే కదా! జూలీకి అసలు సంగతి అప్పుడే మొదలైంది.

ఇక్కడే మనందరం తప్పులో కాలేస్తాం. ఇద్దరిలోనూ రక్తం కనబడుతుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. మనకి రక్తస్రావం అంటే ఆ నెల గర్భం నిలవలేదని గర్భసంచి లోపలి పొర రాలిపోవడం. అది ఒక నెల కథకి ముగింపు. కుక్కలో పొర రాలదు. గర్భం ధరించడానికి ఒళ్ళు తయారవుతూ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, గర్భసంచిలో రక్తనాళాలు ఉబ్బి వాటిలోంచి రక్తం ఊరుతుంది. అంటే అది కథకి మొదలు. మనకి ముగింపులో కనబడేది దానికి మొదట్లో కనబడుతుంది. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే మా ఇంట్లో ఏడు పిల్లలు పుట్టేవి కావు.

సరే, వరసగా చెప్తాను. కుక్కకి మొదటి ఎద సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు వస్తుంది. చిన్న జాతులకి ముందుగా వస్తుంది. బాగా పెద్ద జాతులైతే ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టినా పట్టవచ్చు.

మొదటి దశ దాదాపు తొమ్మిది రోజులు. కొన్నిట్లో మూడు రోజులే, కొన్నిట్లో రెండు వారాలు దాటుతుంది. యోని వాస్తుంది, ఎర్రటి స్రావం ఉంటుంది. మగకుక్కలు గేటు దగ్గర చేరతాయి గానీ ఇది దగ్గరికి రానివ్వదు, మూతి తిప్పి గుర్రుమంటుంది.

రెండో దశ కూడా ఇంచుమించు తొమ్మిది రోజులు. ఇందులోనూ తేడాలుంటాయి, మూడు రోజుల నుంచి మూడు వారాల దాకా. స్రావం పలచబడి ఎండుగడ్డి రంగులోకి మారుతుంది. వీపు చివర చెయ్యి వేస్తే తోక పక్కకి తిప్పేస్తుంది. మగదాన్ని ఒప్పుకునేది ఈ దశలోనే, గర్భం నిలిచేదీ ఇప్పుడే. కొన్నిట్లో ఈ దశలో కూడా ఎర్రగానే కనబడుతుంది, కాబట్టి రంగు చూసి మోసపోకండి.

మూడో దశ రెండు నెలలు. ఎద అయిపోయింది గానీ గర్భం ఉన్నా లేకపోయినా ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. నాలుగో దశ విశ్రాంతి, నాలుగైదు నెలలు. మొత్తం కలిపితే ఆరేడు నెలలకోసారి. కొన్ని జాతులకి ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

"పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా జాగ్రత్తగా ఉంటే చాలు" అని ఇంకో మాట ప్రచారంలో ఉంది. అదీ నమ్మకండి. కుక్క అండాలు విడుదలయ్యేటప్పటికి ఇంకా పచ్చిగానే ఉంటాయి. అవి పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ పైన మరో రెండు మూడు రోజులు బతికి ఉంటాయి. మగకుక్క వీర్యకణాలు లోపల దాదాపు వారం పాటు నిలవగలవు. ముందు చెప్పినట్టు దశల పొడవు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఈ మూడూ కలిపితే క్యాలెండర్ చూసి "ఈ రోజు పర్లేదు" అనగలిగే రోజు ఒక్కటీ మిగలదు. తేదీ కచ్చితంగా కావలసినవాళ్ళు రోజు విడిచి రోజు రక్తం తీయించి ప్రొజెస్టెరాన్ పరీక్ష చేయిస్తారు. మనలాంటి వాళ్ళకి ఒకటే లెక్క: మొదటి చుక్క కనబడ్డ రోజు నుంచి కనీసం మూడు వారాలు, వాపు పూర్తిగా తగ్గేదాకా నాలుగు వారాలనే అనుకోండి, గొలుసు లేకుండా గుమ్మం దాటించకూడదు.

నేను గుమ్మం తీసిపెట్టానుగా. పన్నెండో రోజో పదమూడో రోజో, వీధిలో పిల్లల అరుపులు వినబడి బయటికి వెళ్ళేసరికి జూలీ, చెత్తకుండీ దగ్గర తిరిగే నల్లకుక్క అతుక్కుపోయి ఉన్నాయి. చుట్టూ జనం. ఒకాయన బకెట్ తో నీళ్ళు పోస్తున్నాడు, పిల్లలు రాళ్ళు విసురుతున్నారు. మన ఆడవాళ్ళందరం కొంగులు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచాం. అందరికంటే ముందు నేనే.

ఎందుకండీ అంత సిగ్గు మనకి? ఆ అతుక్కుపోవడం దానికి పుట్టుకతో వచ్చిన శరీర నిర్మాణం. మగకుక్క అంగం కింది భాగం లోపల ఉబ్బుతుంది, ఆడకుక్క కండరాలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. పది నిమిషాలో అరగంటో పడుతుంది, తర్వాత దానంతటదే విడిపోతుంది. ఆ సమయంలో కొట్టినా లాగినా రెండిటికీ గాయాలవుతాయి. రాయి విసిరే పిల్లాడికి ఈ ముక్క చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చింది మనకి. రాయి విసరడానికి వాడికి ఏదీ అడ్డు రాలేదు.

చిత్త కార్తె కుక్కలని తిట్టడం మాత్రం నోటికి బాగా వచ్చు మనకి. ఆ తిట్టు వెనక పెద్దవాళ్ళు చూసిన నిజం ఒకటుంది. మన దేశంలో వీధికుక్కలు ఎక్కువగా వానల చివర్లో ఎదకొస్తాయి. అక్టోబర్ లో వచ్చే చిత్త కార్తె నుంచి అరవై మూడు రోజులు లెక్కపెట్టండి, సరిగ్గా ధనుర్మాసం వస్తుంది. మనం మంచులో ముగ్గులేస్తూ, ఇంటి ముందు సందులో కుయ్ కుయ్ మని వినబడే చప్పుడు ఆ లెక్కే. పెద్దవాళ్ళు చూసి గుర్తుపెట్టుకున్న జ్ఞానాన్ని మనం తిట్టుగా మార్చి, లెక్కని వదిలేశాం. ఇంట్లో పెరిగే కుక్కలకి కార్తెలతో పని లేదు, ఏ నెలలోనైనా వస్తుంది.

అప్పుడు నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని చెప్తే నవ్వుతారు. మెడికల్ షాపులో మనకి అమ్మే గర్భనిర్ధారణ కిట్ తెచ్చి జూలీ మీద ప్రయోగించాను. నెగెటివ్ వచ్చింది. స్వీట్ చేసుకుని తిన్నాం. ఆ కిట్ వెతికే హార్మోన్ కుక్కలో తయారే కాదని తర్వాత తెలిసింది. కుక్కకైతే నాలుగో వారంలో డాక్టర్ స్కానింగ్ చేసి చెప్పాలి.

రెండు నెలల తర్వాత ఏడు పిల్లలు పుట్టాయి. మూడు మగ, నాలుగు ఆడ.

"పోనీలే, ఒక ఈత అయిపోయింది, ఇక దాని ఒంటికి ఢోకా లేదు" అన్నారు అందరూ. అవే మాటలు, వాళ్ళే మనుషులు. మగపిల్లలు మూడూ పాలు మరిచిన పది రోజుల్లో వెళ్ళిపోయాయి, వచ్చినవాళ్ళు మాకు స్వీట్ ప్యాకెట్లు కూడా ఇచ్చారు. ఆడపిల్లల్లో ఒకదాన్ని మా బావగారు పొలం దగ్గరికి తీసుకెళ్ళారు. మిగిలిన మూడింటిని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ముద్దు చేసేవాళ్ళు, తోక ఎత్తి చూసేవాళ్ళు, "ఆడదా? అబ్బే, ఆ గోల మేం పడలేమండీ" అని వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మినవాడు రెండు వేలు ఎందుకు తగ్గించాడో అప్పుడు తెలిసింది.

మూడో నెల వచ్చింది. పక్కవాళ్ళు గొడవ మొదలుపెట్టారు. ఒక రాత్రి మా వారు వాటిని అట్టపెట్టెలో పెట్టుకుని, కూరగాయల మార్కెట్ వెనక హోటళ్ళున్న చోట వదిలి వచ్చారు. "అక్కడ తిండికి లోటుండదు" అన్నారు. ఆయన్ని ఒక్కణ్ణీ అనడం అన్యాయం. ఆ అట్టపెట్టె సర్దింది నేను. అడుగున నా పాత చీర పరిచింది నేను. మర్నాడు పొద్దున్నే మనసాగక వెళ్ళి చూశాను. పెట్టె ఉంది, చీర ఉంది. జూలీ మూడు రోజులు మంచాల కిందా బీరువా వెనకా వెతుక్కుంది.

1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం జంతువుని ఆకలిదప్పులకి మాడేలా వదిలేయడం నేరం. మొదటిసారి చేస్తే జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. నేను పరిచిన పాత చీరకి స్టీలు సామాన్లవాడు అంతకంటే ఎక్కువే కట్టేవాడు. చట్టం మనల్ని పట్టుకోదు. అందుకే మనల్ని మనమే పట్టుకోవాలి.

ఇప్పుడు "ఒక్క ఈత" దగ్గరికి వద్దాం. కుక్క ఆరోగ్యానికి ఒకసారి పిల్లలు పెట్టడం అవసరమనడానికి ఏ ఆధారమూ లేదు. ఈ మాట కుక్క ఒంట్లోంచి పుట్టలేదు, మన ఇళ్ళలోంచి పుట్టింది. పెళ్ళైన ఏడాదికి "ఏమన్నా విశేషమా?" అని అడిగే నోళ్ళే ఇదీ అంటాయి. ఆడపుట్టుక పుట్టాక తల్లి కాకపోతే ఏదో లోటని మనకి నూరిపోశారు, మనం దాన్ని కుక్కకి నూరిపోస్తున్నాం. జూలీ తల్లి కావాలని కలలు కనలేదు. ఎద వచ్చినప్పుడు హార్మోన్లు తోస్తే వెళ్ళింది. ఎద లేని నెలల్లో దానికి ఆ ధ్యాసే ఉండదు, బంతీ బిస్కెట్టూ ఉంటే చాలు.

"పాపం, వయసైపోతే అదే ఆగుతుందిలే" అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆగదు. కుక్కకి మనలా ముట్లుడగడం లేదు. వయసు మీద పడ్డాక మధ్య విరామం పెరుగుతుంది, పుట్టే పిల్లల సంఖ్య తగ్గుతుంది గానీ ఎద చివరిదాకా వస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆ మూడో దశ కూడా వస్తుంది. గర్భం లేకపోయినా రెండు నెలల పాటు గర్భసంచి బిడ్డ కోసం సిద్ధమై కూర్చుంటుంది. కొన్ని కుక్కలకి ఆ సమయంలో ఉత్తి గర్భం కూడా వస్తుంది. పొట్ట పెరుగుతుంది, పాలు పడతాయి, చెప్పునో బొమ్మనో పిల్లలా కాపాడుకుంటుంది. ఏటా రెండుసార్లు అలా సిద్ధమై సిద్ధమై గర్భసంచి పొర మందమవుతుంది. అందులో సూక్ష్మక్రిములు చేరితే చీము పడుతుంది. దాన్నే పయోమెట్రా అంటారు.

జూలీకి ఆరేళ్ళప్పుడు అదే వచ్చింది. ఒక ఈత అయిన కుక్కకి, ఢోకా లేదన్న కుక్కకి. ఎద అయిపోయి నెల దాటింది. మా అమ్మాయి "అమ్మా, ఈ రోజు దీని నీళ్ళ గిన్నె మూడుసార్లు నింపాను" అంది. ఎండలు కదా అన్నాను. రెండో రోజు పెరుగన్నం ముట్టలేదు. మూడో రోజు వాంతి చేసుకుంది, వెనక కాళ్ళ మీద నిలబడలేకపోయింది. స్రావమేమీ కనబడలేదు కాబట్టి నాకు అనుమానమే రాలేదు. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే చీము బయటికి రాదట, లోపలే నిండుతుందట. అదే ఎక్కువ ప్రమాదం. ఆ రాత్రి ఆపరేషన్ చేసి అండాశయాలతో సహా గర్భసంచి తీసేశారు. డాక్టర్ గారు ట్రేలో చూపించారు, నా చెయ్యంత లావున ఉబ్బి ఉంది. ఇంకో రోజు ఆగి ఉంటే దక్కేది కాదన్నారు.

ఇది మా జూలీ ఒక్కదాని దురదృష్టం అనుకోకండి. ఆపరేషన్లు చేయించే అలవాటు తక్కువగా ఉన్న స్వీడన్ లో, ఇన్సూరెన్స్ ఉన్న కుక్కల లెక్కలు తీస్తే, పదేళ్ళ వయసు వచ్చేలోపు ఆడకుక్కల్లో దాదాపు ఐదింట ఒకదానికి ఈ జబ్బు వచ్చింది. కాబట్టి ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఉన్న ప్రతి ఇల్లాలూ ఇది గోడ మీద రాసి పెట్టుకోవాలి: ఎద అయిన రెండు మూడు నెలల లోపు నీళ్ళు విపరీతంగా తాగుతుంటే, తిండి మానేస్తే, నీరసపడితే, వాంతులైతే, కింద చీము కనబడినా కనబడకపోయినా, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మర్నాడు పొద్దున్న చూద్దాం అనుకోవద్దు.

ఆపరేషన్ అనగానే వచ్చే అభ్యంతరాలన్నీ నాకు కంఠతా వచ్చు. నేనూ చెప్పినవే కదా!

"ప్రకృతికి విరుద్ధం." ఫ్యాను కింద పడుకోబెట్టి, ప్యాకెట్ తిండి పెట్టి, వాట్సాప్ లో ఫొటో చూసి మగకుక్కని కుదిర్చేవాళ్ళం మనం! అంతా ప్రకృతికి విరుద్ధంగానే చేసి, ఆపరేషన్ దగ్గర మాత్రం ప్రకృతి గుర్తొస్తుంది.

"లావైపోతుంది." నిజమే, ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసిన శక్తి తగ్గుతుంది. గిన్నెలో అన్నం తగ్గించి వీధిలో నడక పెంచాలి. కొన్నిటికి, ముఖ్యంగా పెద్ద జాతులకి, తర్వాత మూత్రం అదుపు తప్పే ఇబ్బంది రావచ్చు, దానికి మందులున్నాయి. పెద్ద జాతుల్లో మరీ చిన్నప్పుడే చేయిస్తే కీళ్ళకి ఇబ్బంది కాబట్టి ఎదుగుదల పూర్తయ్యాక చేయించమంటారు. మరోపక్క, ఎదలు ఎక్కువ అయ్యేకొద్దీ రొమ్ము గడ్డల భయం పెరుగుతుందని తొందరగా చేయించమనే డాక్టర్లున్నారు. మీ కుక్క జాతి, బరువు, వయసు చూసి డాక్టరే చెప్పాలి. మామూలుగా ఎదలో ఉండగా చేయరు, అప్పుడు రక్తప్రసారం ఎక్కువ కదా, అది అయిన రెండు మూడు నెలలకి చేస్తారు.

"ఎద రాకుండా ఇంజెక్షన్ ఉందట కదా, ఇంట్లో పెళ్ళి ఉంది." ఎద ఆపే హార్మోన్ మందుల వల్ల ఈ చీము జబ్బు ముప్పు పెరుగుతుంది. పొరపాటున కలిశాక గర్భం నిలవకుండా వేసే ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ తో కూడా అదే ముప్పు, పైగా ఎముక మజ్జ దెబ్బతిని రక్తం తయారవడమే తగ్గిపోవచ్చు. మెడికల్ షాపు సలహాతో వేయించే పని కాదిది.

ఇంకొక అభ్యంతరం ఉంది, మా అమ్మాయే అడిగింది. "ఇక్కడ కూడా ఆపరేషన్ ఆడదానికేనా అమ్మా?" అని. గట్టి ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్ లో పెళ్ళైన ఆడవాళ్ళలో పదింట దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ లెక్క చూసి మండకపోతే మనం మనుషులమే కాదు. కానీ ఆ మంటని జూలీ మీదికి తేకూడదు. ఊళ్ళో పది మగకుక్కలుంటే తొమ్మిదింటికి చేయించినా పదోది చాలు. పైగా చీము పట్టేది దాని గర్భసంచికి, ప్రాణం పోయేది దానిది. మగకుక్కని పెంచేవాళ్ళని వదలమని నేననడం లేదు. "మాది మగది, మాకేం భయం" అని సాయంత్రం గేటు తీసి ఊరిమీదకి వదిలే మహానుభావులకి కూడా చెప్తున్నాను: మీవాడు వదిలిన ఏడుగురూ ఎవరో ఒకరి అట్టపెట్టెలోకే వెళ్తారు. మీవాడు ఊరికే తిరిగి రాకపోవచ్చు కూడా. వీధికుక్కల్లో కలయిక ద్వారా అంటుకునే క్యాన్సర్ గడ్డ ఒకటి మన దగ్గర బాగా ఉంది.

పిల్లల్ని తీయించే తీరాలి అనుకునేవాళ్ళు దానికి తగ్గట్టు చేయండి. అమ్మకానికి కుక్కపిల్లల్ని తీసేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నుంచి నిబంధనలున్నాయి. పుట్టబోయే ఏడింటికీ, ఆడవాటితో సహా, పేరూ ఊరూ ఉన్న ఇళ్ళు ముందే కుదిరాయా? కుదరకపోతే మగకుక్కని వెతకడం మానేయండి.

ఇన్ని మాటల్లో నేను చెప్పేది ఒకటే. దాని ఒంటి మీద మన లెక్కలు రుద్దకండి. మన మైలా, మన సిగ్గూ, మన మాతృత్వపు గొప్పా దానికి అక్కర్లేదు. అది నోరు తెరిచి అడగదు, సంతకం పెట్టదు. దాని తరఫున నిర్ణయించేది మనమే అయినప్పుడు, దాని ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడం మన పని. ఇంట్లో మగవాళ్ళు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారేమో గానీ, గచ్చు మీద మొదటి చుక్క చూసేదీ, తుడిచేదీ మనమే కదా.

మా వంటింటి గోడ మీద క్యాలెండర్ లో పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ, నాకూ మా అమ్మాయికీ చిన్న చుక్కలు ఉంటాయి. జూలీకి ఏనాడూ చుక్క పెట్టలేదు. పెట్టి ఉంటే తొమ్మిదో రోజుకి తలుపు తీసేదాన్ని కాదు. ఆరేళ్ళప్పుడు "ఎద అయి నెల దాటింది, ఇదేదో చూడాలి" అని మొదటిరోజే తట్టేది.

చివరింటి అమ్మాయి కాఫీ కప్పు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. జూలీ దాని ధోరణిలో అది వచ్చి ఆ అమ్మాయి పాదాల మీద గడ్డం ఆన్చి పడుకుంది. "ఆ మూడూ ఏమయ్యాయక్కా?" అంది చివరికి. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ మార్కెట్ కి వెళ్తే, నల్లచెవుల కుక్క ఏది కనబడినా ఒక్క క్షణం ఆగి చూస్తాను.

గిన్నె ఖాళీగా పంపకూడదని నాలుగు అరిసెలు వేసి ఇచ్చాను. గేటు దగ్గర ఆగి, "మా దానికి మొదటి చుక్క ఏ రోజు కనబడిందో సరిగ్గా గుర్తులేదక్కా. మా అత్తగారిని అడగాలి" అంది.

అడుగమ్మా. అడిగి, ఇంటికెళ్ళగానే క్యాలెండర్ మీద చుక్క పెట్టు.